కోడలి మంచం పక్కన కమలాబాయి

రాంగోపాల్‌పేట్‌లోని ఆ గల్లీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన పూట ఇల్లిల్లూ బిందెలతో, పైపులతో వాకిట్లోనే ఉంటుంది. అలాంటి ఒక పొద్దున కమలాబాయి కోడలు కల్పలత, ఒంటిమీదున్న నైటీతోనే, కాళ్లకు చెప్పులైనా లేకుండా బయటికి పరుగెత్తింది. "నీళ్లల్ల మందు కలిపిన్రు, తాగకురి, తాగకురి!" అని అరుస్తూ ఒక్కో వాకిట్లోకి జొరబడి నల్లాలు కట్టేసింది. నిండిన బిందెలు ఒలకబోసింది. అడ్డం వచ్చినవాళ్లను నెట్టేసింది. కొందరు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకున్నారు. కొందరు నవ్వారు. ఎదురింటి రాజ్యం ఫోన్ తీసి పట్టుకుంది.

కమలాబాయి స్నానాల గదిలోంచి తడి జుట్టుతో వచ్చేసరికి కోడలు గల్లీ మొగలో బురదలో కూలబడి వగరుస్తోంది. మోచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. చుట్టూ జనం. దసరాకు ఇంటికొచ్చి జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకునే జనమే. ఒక్కరి చేతిలో దుప్పటి లేదు. ఫోన్లు మాత్రం ఉన్నాయి.

తల తుడుచుకుంటున్న తువ్వాలునే కోడలి మీద కప్పి, రెక్క పట్టి లేపి, "తమాషా అయిపోయింది. పోయి నీళ్లు పట్టుకోన్రి" అంది కమలాబాయి. ఆ గొంతుకు జనం పక్కకు తప్పుకున్నారు గానీ ఫోన్లు దించలేదు. అత్తాకోడళ్లు గడప దాటకముందే వీడియో గల్లీ గ్రూపులోకి ఎక్కింది. మధ్యాహ్నానికి కొడుకు హరికిషన్ పనిచేసే ఆఫీసుకు కూడా చేరింది.

కమలాబాయి గొంతు ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. భర్త పోయాక ఇంటి ముందు గదిలో మ్యాచింగ్ సెంటర్ పెట్టి, జాకెట్ గుడ్డలూ లైనింగులూ అమ్ముతూ, చీరలకు ఫాలు కుడుతూ కొడుకును చదివించింది. మురికినీళ్ల మోరీ తవ్వి వదిలేసి పోయిన కాంట్రాక్టరును పట్టుకురావాలన్నా, కరెంటు ఆఫీసులో అడగాలన్నా గల్లీవాళ్లు ఆమెనే ముందు నిలబెట్టేవారు. కోడలు అందుకు పూర్తిగా భిన్నం. డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. ఈమె రక్తం తీస్తే పిల్లలు ఏడవరని తల్లులు ఆమె కోసం అడిగి మరీ వచ్చేవారు. ఇంట్లో అత్త నోరు తెరిస్తే మూసేదాకా ఓపిగ్గా విని, చివర్లో నవ్వేది. అంతే.

ఆ పిల్లకు రెండోసారి కూడా గర్భం నిలవలేదు. అప్పటినుంచి నిద్ర కరువైంది. ముందు మాటలు ఎక్కువయ్యాయి, తర్వాత అనుమానాలు. బియ్యం కడిగిందే కడిగేది. కుండలో నీళ్లు వాసన చూసి పారబోసేది. "టెన్షన్ అమ్మా, గదే తగ్గుతది" అన్నాడు హరికిషన్. కమలాబాయికీ అంతే అనిపించింది.

వీడియో చూసి హరికిషన్ పెద్దనాన్న ఫోన్ చేశాడు. ఏదో సోకింది, దించే మనిషి దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. "సోకింది గాదు బావా, బీమారి వచ్చింది. బీమారొస్తె దవాఖాన్లకు పోతరు" అని ఫోన్ పెట్టేసి, కమలాబాయి ఆటో పిలిచింది.

తిరుమలగిరి వైపు ఉన్న ఆ మానసిక వైద్యశాలలో ఆడవాళ్ల వార్డు పైఅంతస్తులో ఉంది. తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండి తీరాలన్నారు. హరికిషన్ చెప్పిన చోటల్లా సంతకాలు పెట్టి, "జెర ఆఫీసుకు పోయొస్త అమ్మా" అని వెళ్లాడు. ఆ రోజు మళ్లీ రాలేదు. కమలాబాయి బయల్దేరేటప్పుడే దుకాణం షట్టర్ దించి, రెండు చీరలు సర్దుకుని వచ్చింది; తనే ఉండిపోయింది.

వార్డు గేటు దగ్గరే మొదటి గొడవ. సంచీ తిరగేసి అద్దం, స్టీలు గ్లాసు, చున్నీలు పక్కన పెట్టేశారు. లంగా నాడాలు కూడా గుంజేశారు.

"నాడా గుంజుకుంటె లంగ ఎట్ల నిలుస్తది? ఇగ చేత్తోని పట్టుకొని తిర్గాల్నా?"

"పిచ్చోళ్ల వార్డు గదమ్మా, గట్లనే ఉంటది" అని నవ్వాడు గేటు దగ్గరి మనిషి.

"పిచ్చోళ్లు ఎవరు? పేరు చెప్పు. లోపట ఉన్నోళ్లకు పేర్లున్నయా లేవా?"

ఆ కేకకు హెడ్ నర్సు వచ్చింది. పేరు హదస్సా. ఏలూరు దగ్గర పుట్టి ఉద్యోగం కోసం ఇటు వచ్చిన మనిషి. "ఎవరూ మెడకు బిగించుకోకూడదని తీస్తామమ్మా. ఎలాస్టిక్ వేయించి తెచ్చుకోండి" అంది నిదానంగా.  సాయంత్రం కమలాబాయి కూర్చుని, హదస్సా ఎదుటే సూదీ దారం అడిగి పుచ్చుకుని కోడలి లంగాలకు ఎలాస్టిక్ కుట్టింది, సూది తిరిగి అప్పజెప్పింది. చెప్పే పద్ధతిలో చెబితే ఎవరు వినరు అని గేటు మనిషికి వినిపించేలా అంది కూడా.

మర్నాడు డాక్టరు వచ్చాడు. మంచం మీద కళ్లు తెరుచుకుని కూర్చున్న కల్పలత వైపు చూడకుండా, "పేషెంట్ నిద్రపోయిందా? తిన్నదా? ఏమైనా మాట్లాడుతున్నదా?" అని అత్తను అడిగాడు.

"ఆమెనే అడుగురి సార్. ఆమె గీడనే ఉంది, నోరు సుత ఉంది."

"కండిషన్ బాగాలేదు కదమ్మా."

"బాగలేకనే గద మీ దగ్గరికి తెచ్చిన. ఒక్కసారి అడిగి చూడుండ్రి. చెప్పకపోతె నేను చెప్త."

డాక్టరు మొహం చిట్లించాడు గానీ అడిగాడు. కల్పలత చాలాసేపు ఆయన షర్టు బొత్తాల వైపు చూసి, "నీళ్లు తాగకురి సార్" అంది. డాక్టరు రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోయాడు.

కల్పలత ఎవరినీ నమ్మడం లేదు. అందరికన్నా అత్తను అసలే నమ్మడం లేదు. మాత్రలు అందిస్తే చేతిని కొట్టింది. "నువ్వే కలిపినవ్. నాకు తెలుసు. నా కడుపుల పిల్లలను సుత నువ్వే పోగొట్టినవ్" అంది, వార్డంతా వినేలా. కమలాబాయికి నడినెత్తిన కొట్టినట్టయింది. బీమారి మాట్లాడిస్తున్నదని తెలిసినా, ఆ మాట పక్క మంచాలవాళ్లు విన్నారని మండిపోయింది. బయట వరండాలోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి గ్లాసులోనూ ముందు తను ఒక గుక్క తాగి, కోడలు చూస్తుండగా మింగి, అప్పుడు అందించేది. ప్రతి ముద్దలోంచీ కొంచెం తుంచుకుని తినేది. విసుగు పుట్టినా, కడుపు నిండినా అలాగే చేసేది. కల్పలత ఆమె గొంతు వంక రెప్పవేయకుండా చూసి, అప్పుడు తాగేది.

ఒకనాడు చాయ్ తెచ్చుకుందామని కిందికి దిగి తిరిగి వచ్చేసరికి కోడలి రెండు చేతులూ మంచం చువ్వలకు గుడ్డతో కట్టేసి ఉన్నాయి. ఆయమ్మ పక్కన నిలబడి బెడ్‌షీట్ మడత పెడుతోంది. కల్పలత అరవడం లేదు. పైకప్పు వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది. మణికట్ల దగ్గర చర్మం ఎర్రబడింది.

చాయ్ కింద పడేసింది కమలాబాయి. "ఎవరు కట్టిన్రు? ఎవరినడిగి కట్టిన్రు? దొంగతనం చేసిందా? మనిషిని సంపిందా? పశువును సుత గింత బిగ్గ కట్టరు!" అని అరుస్తూనే ముడులు విప్పుతోంది. బిగిసిన ముడులు వేళ్లకు అందడం లేదు.

హదస్సా పరుగున వచ్చింది. "అమ్మా, సెలైన్ సూది పీకేసుకుంది. రక్తం ధారగా కారింది. ఈ వార్డు మొత్తానికి నేనూ, ఈ ఆయమ్మే ఉన్నాం."

"మనుషులు తక్కువుంటె మీ పెద్ద సార్లను అడుగుండ్రి. నా కోడలి చేతులు కట్టుడేంది?"

"మీకోసం కబురు పంపాల్సింది. కట్టినా ఇలా బిగించకూడదు, డాక్టరు గారికి చెప్పకుండా అసలే కట్టకూడదు. తప్పే" అంది హదస్సా. తనూ వంగి రెండో ముడి విప్పింది. "ఇప్పుడు మళ్లీ సూది పెట్టాలి. పట్టుకుంటారా?"

కమలాబాయి మంచమెక్కి కోడలిని వెనకనుంచి పొదివి పట్టుకుంది. సూది గుచ్చుతుంటే కల్పలత ఆమె ముంజేతిని పళ్లతో కొరికింది. గాటు పడింది. పట్టు వదల్లేదు. మందు ఎక్కి ఆ ఒళ్లు మెత్తబడేదాకా అలాగే కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే హదస్సానే చెయ్యిచ్చి దింపింది. ఆ చేతిని పట్టుకునే, "అయినా కట్టుడు తప్పే సిస్టర్" అంది కమలాబాయి. మర్నాడు డాక్టరుకూ అదే చెప్పింది, పై మేనేజరు గదిలోకి వెళ్లి అదే చెప్పింది. "చూస్తాం" అన్నాడు మేనేజరు. ఏం చూశాడో తెలియదు గానీ, ఆమె ఉన్నన్నాళ్లూ ఆ వార్డులో ఎవరి చేతులూ కట్టలేదు.

భువనగిరి నుంచి కల్పలత తండ్రి బిక్షం వచ్చాడు. కూతురిని చూసి, బయటికొచ్చి, వియ్యపురాలి ముందు రెండు చేతులూ జోడించాడు. "మా పిల్లతోని మీకు మస్తు తక్లీఫ్ అయింది చెల్లె. నీ కాళ్లు మొక్కుత, ఏమనుకోకు."

"చేతులు దించు అన్నా." కమలాబాయికి అంత కోపం కట్టేసినప్పుడు కూడా రాలేదు. "ఏం తప్పు చేసిందని మొక్కుతున్నవ్? జరమొస్తె మొక్కుతవా? గట్ల మొక్కి మొక్కే పక్కోళ్లకు అలుసైతున్నం. దించు ముందు!"

బిక్షం చేతులు దించాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం హరికిషన్ వచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చాడు. కల్పలత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లిని మంచం చివరకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"పెద్దనాయినోళ్లు కూసొని మాట్లాడిన్రమ్మా. డిశ్చార్జి అయినంక సీదా వాళ్ల నాయిన దగ్గరికి పంపిద్దమన్నరు. ఇంటికి వద్దు. ఆఫీసుల అందరు ఆ వీడియో చూసిన్రు. నాకు మొఖం ఎత్తుకొని తిర్గస్తలేదు."

"ఇంటికి వద్దని ఎవరన్నరు? ఇల్లెవరిది?"

"అమ్మా, అర్థం చేస్కో..."

"నీ బండి లారీకి గుద్దుకొని తొడ ఇరిగిననాడు ఎవరు చేసిన్రురా నీకు? మంచంలనే అన్నీ చేస్తివి. ఈ పిల్ల డ్యూటీ చేసొచ్చి నీ బట్టలు పిండింది, నిన్ను తుడిచింది. అప్పుడు ఎవరన్న వీడియో తీసిండ్రా? ఈమె ఏనాడన్న మొఖం దించుకున్నదా? పండ్లు తెచ్చినవ్ గద, పెట్టి పో. పెద్దమనుషుల మాటలు మోసుకొని మల్లొస్తె, నేను గేటు దగ్గర్నే నిలవడ్త."

హరికిషన్ మొహం ఎర్రబడింది. పండ్లు మంచం పక్కన పెట్టి, మెట్లు దిగిపోయాడు. గోడవైపు తిరిగి ఉన్న కల్పలత నిద్రపోవడం లేదని కమలాబాయికి అప్పుడు కనబడింది. దిండు తడిసి ఉంది.

మందులు పనిచేయడం మొదలైంది. చూపు నిలిచింది. ఒక సాయంత్రం, కిటికీ దగ్గర కూర్చుని అత్త తల దువ్వుతుంటే, కల్పలత చాలారోజుల తర్వాత తన గొంతుతో మాట్లాడింది.

"అత్తమ్మా, నేను గల్లీల నైటీల ఉరికిన్నా?"

లేదందామనిపించింది కమలాబాయికి. కానీ ఈ పిల్లకు ఏది నిజమో తెలియకపోబట్టే ఇంత దూరం వచ్చింది. "ఉరికినవ్ బిడ్డా. అందరిండ్లల్ల నల్లాలు కట్టేసినవ్."

"వీడియో తీసిన్రా?"

"తీసిన్రు."

కల్పలత చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నాకు నిజంగనే అనిపించింది అత్తమ్మా. నీళ్లు తాగితె అందరు సచ్చిపోతరని. రాజ్యం అక్క చిన్న బిడ్డ గ్లాసు పట్టుకొని ఉండె. గా పిల్ల తాగుతదని మస్తు భయమైంది. అందుకే ఉరికిన."

కమలాబాయి దువ్వెన ఆగిపోయింది. ఇన్నాళ్లూ పరువు పోయిందనీ, నైటీతోనే వీధిన పడిందనీ మాత్రమే అనుకుంది తను. ఆ ఉరుకు ఎందుకో ఒక్కసారి అడగలేదు. ఆ పిల్లకు ఒంట్లో ఎంత కల్లోలంగా ఉన్నా గల్లీవాళ్లు బతకాలని పరుగెత్తింది. వాళ్లు నిలబడి వీడియో తీశారు.

మరునాడు బిక్షంను మంచం దగ్గర కూర్చోబెట్టి, బట్టలు తెస్తానని చెప్పి, కమలాబాయి గల్లీకి వెళ్లింది. నీళ్లొచ్చే పొద్దు. అందరూ వాకిళ్లలో ఉన్నారు. ఇంట్లోకి పోకుండా నేరుగా రాజ్యం నల్లా దగ్గర నిలబడింది.

"ఫోన్ తియ్యి రాజ్యం. ఆ వీడియో నా ముంగట తీసెయ్యి."

"నేనొక్కదాన్నే తీసిన్నా వదినె? అందరు చూసిన్రు. రేపటినాడు ఏమన్న అయితె సబూతు ఉండాల్నని తీసిన."

"ఏం సబూతు? నీ బిడ్డ చేతిల గ్లాసు చూసి ఉరికింది ఆమె. నీళ్లల్ల మందుందని నమ్మింది. నిజంగనే ఉంటె? తలుపు తట్టి చెప్పేటోళ్లు ఈ గల్లీల ఇంకెవరన్న ఉన్నరా? నువ్వు వస్తుంటివా? మీ ఆయనొస్తుండెనా? పిచ్చి లేసిన యాళ్ల సుత మీ పిల్లలు సావొద్దని ఉరికింది నా కోడలు. మంచిగున్న మీరు ఏం చేసిన్రు? నవ్విన్రు. ఒక్కరన్న ఒక్క తువ్వాల అందించిన్రా?"

 ఒకామె తల దించుకుని ఫోన్ నొక్కింది. మరొకామె, "నేను అప్పుడే తీసేసిన కమలక్కా" అంది. రాజ్యం మాత్రం మూతి తిప్పి, "నేను తీసేస్తె ఏమాయె, ఎంతమందికి పోయిందో" అని బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అది అబద్ధం కాదు. అందుకే కమలాబాయికి ఇంకా మండింది. దుకాణం తెరిచి, ఫాలు కోసం రాజ్యం ఇచ్చిన చీరలు కుట్టకుండానే మూటగట్టి, ఆమె గడపలో పడేసి వచ్చింది.

డిశ్చార్జి రోజు వచ్చింది. కమలాబాయి ముందే ఇంట్లో గది కడిగించి, కొత్త దుప్పటి పరిపించి ఉంచింది. ఎవరేమంటారో రమ్మను, గడపలో నేనే నిలబడతానని హదస్సాతో కూడా చెప్పింది. సంచీ సర్దుతుంటే కల్పలత, "అత్తమ్మా, నేను నాయినతోని భువనగిరి పోత" అంది.

కమలాబాయి అప్పుడే పెట్టిన చీరను సంచీలోంచి బయటికి లాగింది. కోపమే వచ్చింది ఆమెకు. "నీకోసం గా పిలగాన్తోని కొట్లాడితి, గల్లీతోని కొట్లాడితి. వాళ్లు పంపుతమంటె వద్దంటి. నువ్వే పోత అంటవా?"

"నువ్వు కొట్లాడినవ్ అత్తమ్మా. నాకు ఇంక ఓపిక లేదు. రోజు గా గల్లీల నడవాల్నంటె జెర బలం గావాలె. కొన్ని దినాలు పండుకుంట, తింట. వస్త. కని నేనే వస్త. నన్నెవరు పంపలే, ఎవరు తేవద్దు."

మూలన నిలబడిన బిక్షం ఎవరి వైపూ చూడలేదు. కమలాబాయి సంచీలోంచి తీసిన చీరను మళ్లీ సంచీలో పెట్టింది. మళ్లీ తీసింది. చివరకు మందులు ఏవి ఎప్పుడో బిక్షంకు రెండుసార్లు చెప్పి, తిరిగి తనకు ఒప్పజెప్పమంది. సికింద్రాబాద్ స్టేషన్‌కు తనే తీసుకువెళ్లి రైలెక్కించింది. హరికిషన్ ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. భార్య ముందు నిలబడి, "లతా, నేను..." అని ఆగిపోయాడు. "ఇప్పుడు వద్దు. నేను ఫోన్ చేస్త" అంది కల్పలత. రైలు కదిలాక తల్లీకొడుకులు ఒకే ఆటోలో ఇంటికొచ్చారు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం కల్పలత తనే వచ్చింది. చేతిలో సంచీతో గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి వచ్చి, దుకాణం మెట్టెక్కింది. పాత డయాగ్నస్టిక్ సెంటర్‌వాళ్లు నీ జాగాలో వేరేవాళ్లను పెట్టుకున్నామన్నారు. కమలాబాయి వెళ్లి దులిపేస్తానని చెప్పులేసుకుంటే కోడలే ఆపింది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంకో ల్యాబ్ చూసుకుంది. మాత్రలు నడుస్తున్నాయి. హరికిషన్ పొద్దున్నే ఆమెను బస్‌స్టాపు దాకా దింపుతాడు. గల్లీలో తల ఎత్తుకునే నడుపుతాడు బండి. ఇద్దరి మధ్యా మాటలు ఇంకా తక్కువే. కల్పలత ఆయన్ని క్షమించిందో లేదో కమలాబాయి అడగలేదు. అడగడం తన పని కాదనుకుంది.

కోపం మాత్రం ఆమెకు తగ్గలేదు. మొన్న జాకెట్ లైనింగ్ కోసం వచ్చిన ఒకామె, ఎండు మిరప రంగు గుడ్డ ముక్క చూపించి, దీనికి సరిపోయేది ఇవ్వమని అడిగి, లోపలికి తొంగిచూస్తూ, "అక్కా, వీడియోల ఉన్న కోడలు ఈమెనేనా?" అంది.

ఆ రంగు లైనింగ్ అల్మారాలో ఎదురుగానే కనబడుతోంది.

"లేదు" అంది కమలాబాయి. గుడ్డ తెచ్చినామె చెయ్యెత్తి అల్మారా వైపు చూపించబోయింది. "నీకు లేదు. ఇంకో దుకాణం చూస్కో, పో."